ఏడో అధ్యాయం: తాబేలుకు ఏ జెముడు పెట్టాలి?

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ముంబై హైవే పొడవునా రసం నిండిన మొక్కలకు కొదవ లేదు. రుద్రారం, కంది వైపు పొలం గట్ల మీద కిత్తనార, పాత కంచెల్లో బొంతజెముడు, నాగజెముడు కనిపిస్తాయి. బీహెచ్‌ఈఎల్ క్వార్టర్ల ముంగిట కలబంద, రణపాల ఉంటాయి. నర్సరీల్లో చిన్న చిన్న కుండీలలో జేడ్, అడీనియం వరసగా పేర్చి ఉంటాయి. ఇంట్లో తాబేలు ఉన్నవాళ్లకు ఇవన్నీ మేతగానే కనిపిస్తాయి. ఆకు దళసరిగా ఉంటుంది, నిండా నీరుంటుంది, పెంచడానికి శ్రమ లేదు, మే నెల ఎండకు కూడా చావవు.

వీటిలో కొన్ని తాబేలుకు చక్కటి మేత. కొన్ని దాని నోటిని, కళ్లను పొక్కిస్తాయి. ఇంకొన్ని గుండె మీదే దెబ్బ కొడతాయి. మంచివీ చెడ్డవీ ఒకే కంచెలో, ఒకే నర్సరీ బల్ల మీద, కొన్నిసార్లు ఒకే పేరుతో ఉండటమే చిక్కు. ఈ అధ్యాయం చదవడం పూర్తయ్యేసరికి వాటిని విడదీసి చూడటం మీకు రావాలి. మీరు అలవాటు చేసుకోవాల్సిన సూత్రం ఒక్కటే: గుర్తుపట్టిన మొక్కనే పెట్టాలి, గుర్తుపట్టలేని మొక్కను ఎంత పచ్చగా ఉన్నా పక్కన పెట్టాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే తాబేలు శరీరం తీరే వేరు. కుక్కలాగా అది తిన్న విషాన్ని వెంటనే కక్కేయదు. మేత దాని కడుపులో రోజుల తరబడి ఉంటుంది. ఒంట్లో బాగాలేకపోయినా చాలాకాలం పైకి కనబడనివ్వదు. పైగా దాని ఆయుష్షు మన లెక్కలకు అందదు. హైదరాబాద్ నెహ్రూ జూలో 2024 మార్చిలో చనిపోయిన గాలపాగోస్ పెద్ద తాబేలుకు 125 ఏళ్లని జూ అధికారులు చెప్పారు. 1963లో పబ్లిక్ గార్డెన్స్ నుంచి దాన్ని అక్కడికి తెచ్చారు. అన్నేళ్లు బతకగల ప్రాణికి రోజూ ఏం పెడుతున్నామన్నది చిన్న విషయం కాదు. ఇవాళ చేసిన చిన్న నిర్లక్ష్యం పదేళ్ల తర్వాత మూత్రపిండాల జబ్బుగానో, మెత్తబడిన డిప్పగానో బయటపడవచ్చు.

మొదట మీ తాబేలు ఏదో తేల్చుకోండి

మేత గురించి మాట్లాడేముందు చట్టం గురించి చెప్పాలి. వీపు మీద పసుపుపచ్చని నక్షత్రపు గీతలున్న తాబేలు మన నక్షత్ర తాబేలు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయంలో వాటిని చూసినవాళ్లు, ఇంట్లో ఒకటి ఉంటే కలిసొస్తుందని నమ్మేవాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు. కానీ దాన్ని ఇంట్లో పెంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో అది మొదటి షెడ్యూలులోకి వచ్చింది. ఆ షెడ్యూలులోని ప్రాణిని పట్టినా, అమ్మినా మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. అంతర్జాతీయ వ్యాపారంలో కూడా 2019 నుంచి దానికి అత్యున్నత రక్షణ ఉంది. ఈ కఠినత్వానికి కారణం ఉంది. మన దేశంలో ఒకే ఒక సేకరణ ప్రాంతం నుంచి ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లను దొంగతనంగా తరలిస్తున్నారని 2015లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మన చెరువుల్లో, వాగుల్లో ఉండే తాబేళ్లను కూడా ఇంటికి తేకూడదు. మీ దగ్గర అలాంటి తాబేలు ఉంటే దానికి ఏం పెట్టాలా అని ఆలోచించకండి. అటవీశాఖకు ఫోన్ చేసి అప్పగించండి. పొలాల్లో వదిలేస్తే బతుకుతుందనుకోవడం కూడా పొరపాటే.

ఇక పెంచడానికి వీలున్నవి విదేశీ జాతులు. ఆఫ్రికా సల్కాటా, లెపర్డ్ తాబేలు, దక్షిణ అమెరికా రెడ్‌ఫుట్ లాంటివి మన పెట్ షాపుల్లో కనిపిస్తుంటాయి. 2024లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఇలాంటి రక్షిత విదేశీ జాతులను పెంచేవాళ్లు పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఆ కాగితం ఉన్నాకే మిగతా మాటలు.

జాతిని బట్టి మేత మారుతుంది. సల్కాటా గడ్డి తినే ప్రాణి. దాని మేతలో పదింట ఎనిమిది తొమ్మిది వంతులు గరిక, ఎండుగడ్డి లాంటివే ఉండాలి. జెముడు దానికి కూరలో ఉప్పంత. రెడ్‌ఫుట్ అడవి అంచుల్లో పండ్లు, ఆకులు, పూలు తిని బతికే జాతి. నీళ్లలో ఈదే రెడ్ ఇయర్డ్ స్లైడర్‌కు ఈ అధ్యాయం వర్తించదు, దాని మేత పూర్తిగా వేరు.

మూడు పరీక్షలు

మన ఊళ్లలో జెముడు అన్న మాటకు హద్దు లేదు. ముళ్లుండి, దళసరిగా ఉన్న ప్రతిదీ జెముడే. నాగజెముడు, బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు అని వరసగా చెప్పేస్తాం. వీటిలో నాగజెముడు ఒక్కటే కాక్టస్ కుటుంబానిది. అది తినదగినది. మిగతా మూడూ యుఫోర్బియా కుటుంబానివి, వాటి పాలు ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయి. బ్రహ్మజెముడు అన్న పేరునైతే ఒక్కో ఊళ్లో ఒక్కో మొక్కకు వాడతారు. అందుకే తాత చెప్పిన పేరుతో, నర్సరీ కుర్రాడు చెప్పిన పేరుతో ఆగకుండా మొక్కనే పరీక్షించాలి.

మొదటిది పాల పరీక్ష. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి, కళ్లద్దాలుంటే పెట్టుకోండి. చాకు మొనతో లేత భాగం మీద చిన్న గీత గీయండి. బొంతజెముడు మూడు పలకల కాండం మీద గీస్తే గీసినంత మేరా తెల్లటి పాలు చుక్కలు చుక్కలుగా ఉబికి, ఒకదానికొకటి కలిసి కిందికి కారతాయి. కాసేపట్లో చాకుకు అంటుకుని బంకగా మారతాయి. నాగజెముడు మట్టను కోస్తే పాలు రావు. లోపల లేత ఆకుపచ్చ గుజ్జు, బెండకాయలో ఉండే జిగట లాంటి రంగులేని రసం కనిపిస్తాయి. పాలు వచ్చిన మొక్క తాబేలు మేతకు పనికిరాదు, ఇక దాని గురించి ఆలోచించనక్కర లేదు. పరీక్ష అయ్యాక చాకును సబ్బుతో కడగండి. ఆ చేత్తో కన్ను నలుపుకోకండి. యుఫోర్బియా పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, నీళ్లతో చాలాసేపు కడిగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

రెండోది ముల్లు మొదలు చూసే పరీక్ష. కాక్టస్‌లో ముళ్లన్నీ ఒక చిన్న మెత్తటి చుక్క నుంచి, నూగు అంటిన దిండులాంటి కన్ను నుంచి గుత్తిగా లేస్తాయి. నాగజెముడు మట్ట మీద ఈ కళ్లు క్రమంగా పేర్చినట్టు ఉంటాయి. బొంతజెముడుకు అలాంటి కన్ను ఉండదు. పలక అంచున గట్టి ముళ్లు జంటగా, చెరోవైపు తిరిగి ఉంటాయి. ఈ తేడా ఒకసారి కంటికి పట్టిందంటే దూరం నుంచే చెప్పేయగలరు.

మూడోది పేరు పరీక్ష. పాలు రాలేదు కాబట్టి మంచిదే అనుకోవద్దు. రణపాలకు, కిత్తనారకు తెల్లటి పాలు రావు, అయినా అవి పనికిరావు. వేసవిలో ఎండిన మొక్కకు పాలు సరిగా రాకపోవచ్చు కూడా. అందుకే మొదటి రెండు పరీక్షలు మొక్కను తోసిపుచ్చడానికే వాడాలి. ఒప్పుకోవడానికి మాత్రం దాని శాస్త్రీయ నామం తెలియాలి. ఆకు, కాండం, పువ్వు విడివిడిగా ఫొటో తీసి, వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్‌కో, వ్యవసాయ అధికారికో చూపించండి. ఫోన్ యాప్ చెప్పిన పేరు మొదటి ఊహ మాత్రమే, తీర్పు కాదు.

ధైర్యంగా పెట్టదగినవి

నాగజెముడు: శాస్త్రీయ నామం ఒపన్షియా. మట్ట బరువులో అత్యధిక భాగం నీరే. కాల్షియం ఎక్కువ, ఫాస్ఫరస్ తక్కువ. డిప్ప గట్టిగా పెరగాలంటే మేతలో ఫాస్ఫరస్ కంటే కాల్షియం కనీసం రెండింతలుండాలి, నాగజెముడుతో ఆ లెక్క సరిపోతుంది. ముళ్లు లేని రకాలను మెట్ట ప్రాంతాల్లో పశుగ్రాసంగా పెంచే ప్రయత్నాలు మన దేశంలో జరుగుతున్నాయి. దొరికితే ఆ రకమే తెచ్చుకోండి.

ముళ్లు లేనట్టు కనిపించినా మట్ట మీద కంటికి ఆనని నూగు ముళ్లుంటాయి. అవి పెద్ద ముల్లు కంటే ప్రమాదం. కొసన వెనక్కి తిరిగిన కొక్కెంలా ఉండి, నాలుకలో దిగితే రావు. వాటిని తీయడానికి మట్టను పట్టకారుతో పట్టుకుని, వంకాయ కాల్చినట్టు గ్యాస్ పొయ్యి మంట మీద నెమ్మదిగా తిప్పండి. నూగు చిటచిటమంటూ చిన్న నిప్పురవ్వలుగా కాలిపోతుంది. రెండు వైపులా, ముఖ్యంగా అంచుల వెంబడి తిప్పాలి. పైతోలు నిగనిగలాడి రంగు కాస్త ముదిరితే చాలు, లోపల ఉడకనక్కర లేదు. తర్వాత కుళాయి కింద గట్టి బ్రష్‌తో రుద్దండి. మిగిలిన కళ్లను చాకు కొనతో తవ్వి పారేయండి. చివరగా చేతి తొడుగుతో మట్టంతా తడిమి చూడండి. ఒక్క నూగైనా గుచ్చుకుంటే మళ్లీ కాల్చాలి. ఈ పనిలో తొందరపడకండి.

మట్ట మీద తెల్లటి దూదిలాంటివి అంటుకుని, నలిపితే ఎర్రటి రంగు వస్తే అది కోచినీల్ పురుగు. కొద్దిగా ఉంటే బ్రష్‌తో కడిగేయండి. మట్ట వాడిపోయి పసుపుపచ్చగా మారితే పెట్టకండి.

డ్రాగన్ ఫ్రూట్ కాండం: సంగారెడ్డి జిల్లాలో ఈ తోటలు వేసిన రైతులున్నారు. ఇది కూడా కాక్టసే. కొమ్మలు కత్తిరించినప్పుడు మిగిలే లేత ముక్కలు తాబేలుకు మంచి మేత. ముళ్లు చిన్నవి, అంచు వెంబడే ఉంటాయి కాబట్టి తీయడం తేలిక. అయితే తోటలో ఏ మందు ఎప్పుడు కొట్టారో రైతును అడగండి. సమాధానం స్పష్టంగా లేకపోతే ఆ ముక్కను మేతగా పెట్టకుండా మీ కుండీలో నాటి, దాని నుంచి కొత్తగా వచ్చిన కొమ్మను వాడండి. పండులో తీపి ఎక్కువ, గడ్డి తినే జాతులకు అది సరిపడదు.

పోర్చులకేరియా: దక్షిణాఫ్రికా మెట్టల్లో ఏనుగులూ తాబేళ్లూ ఇష్టంగా మేసే పొద ఇది. మన నర్సరీల్లో దీన్నీ, దీనికి చుట్టరికం లేని క్రాసులానూ జేడ్ అనే పిలిచి అమ్ముతారు. తేడా చూసే పద్ధతి చెబుతాను. పోర్చులకేరియా ఆకు చిటికెన వేలి గోరంత, దాదాపు గుండ్రంగా ఉంటుంది. కొమ్మ సన్నగా, ఎర్రటి గోధుమరంగులో ఉండి వంచితే వంగుతుంది. క్రాసులా ఆకు బొటనవేలి కణుపంత పెద్దది, ఇంకా దళసరి. కాండం లావుగా, బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటుంది. ఎండకు ఆకు అంచు ఎర్రబడుతుంది. మొదటిది పెట్టండి. రెండోది కుక్కలకు, పిల్లులకు విషమని తేలింది కాబట్టి తాబేలుకు దూరంగా ఉంచండి.

టేబుల్ రోజ్: ఉదయం ఎండకు విచ్చుకునే రంగురంగుల పూల మొక్క. సూదుల్లాంటి చిన్న ఆకులు, పూలు రెండూ పెట్టవచ్చు. పూలను తాబేళ్లు ముందు తింటాయి. కుండీలో పెంచుకుంటే ఏడాదిలో చాలా భాగం మేత దొరుకుతుంది.

ఎచివేరియా, హవోర్షియా: రోజా పువ్వులా పేర్చిన దళసరి ఆకుల మొక్కలివి. అప్పుడప్పుడు ఒకటి రెండు ఆకులు పెట్టినా నష్టం లేదు. మన ఎండల్లో ఎచివేరియా సరిగా పెరగదు కాబట్టి దీన్ని నమ్ముకోవడం దండగ.

తక్కువగా, అప్పుడప్పుడు మాత్రమే

గంగవాయిలి కూర మన తెలంగాణ ఇళ్లలో పప్పులో వేసుకునేదే. తాబేళ్లు ఇష్టంగా తింటాయి. కానీ ఇందులో ఆక్సలేట్లు ఎక్కువ. అవి మేతలోని కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందకుండా చేస్తాయి. రోజూ పెడితే మూత్రపిండాలకూ మంచిది కాదు. బచ్చలికీ ఇదే మాట వర్తిస్తుంది. పది పన్నెండు రోజులకొకసారి ఒక గుప్పెడు చాలు.

గంగవాయిలిలో ఇంకో ప్రమాదం దాగి ఉంది. ఖాళీ ప్లాట్లలో, ఫుట్‌పాత్ రాళ్ల సందుల్లో దానితోపాటు రెడ్డివారి నానబాలు, దాని చుట్టాలైన నేలపరచు రకాలు మొలుస్తాయి. చూడ్డానికి రెండూ నేలకు అంటుకుని, ఎర్రటి కాడలతో ఉంటాయి. గంగవాయిలి ఆకు దళసరిగా, నున్నగా ఉంటుంది. కాడను తుంచితే నీరు వస్తుంది. నానబాలు ఆకు పలచన, కాడను తుంచితే పాలు వస్తాయి. కోసి తెచ్చిన ప్రతి కట్టనూ విప్పి, ఒక్కో కాడా చూడండి. కూరగాయల అంగడిలో కొన్న కట్టలో కూడా కలుపు కలిసి రావచ్చు.

కలబంద తోలు కింద పసుపుపచ్చని చేదు రసం ఉంటుంది. అది విరేచనకారి. మట్టను కోసి నిలబెట్టి, ఆ రసం పూర్తిగా కారిపోయాక కడిగి, తోలు తీసి, లోపలి తెల్లటి గుజ్జు చిన్న ముక్క మాత్రం ఎప్పుడైనా పెట్టవచ్చు. ఇంత శ్రమకు తగినంత పోషణ అందులో లేదు. నా సలహా మానేయమనే.

ఎప్పుడూ పెట్టకూడనివి

ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. వీలైతే కాగితం మీద రాసి తాబేలు గూటి పక్కన అంటించండి.

రణపాల: కిడ్నీలో రాళ్లకు మందని మన ఇళ్లలో దాదాపు ప్రతి పెరట్లో ఉంటుంది. ఆకు అంచు నొక్కుల్లో పిల్లమొక్కలు మొలుస్తాయి. పిల్లలు పుస్తకంలో పెట్టి దాచుకునేది ఇదే. ఈ కుటుంబం మొక్కల్లో గుండె కొట్టుకునే తీరును దెబ్బతీసే రసాయనాలున్నాయి. ఆస్ట్రేలియాలో ఈ జాతి మొక్కలు మేసి పశువులు చనిపోయిన సందర్భాలున్నాయి. మనకు మందైనంత మాత్రాన తాబేలుకు మేత అయిపోదు. నర్సరీలో గుత్తులు గుత్తులుగా ఎర్రటి, పసుపుపచ్చని పూలతో అమ్మే కలాంకో కూడా ఇదే కుటుంబం. పూలు అందంగా ఉన్నాయని తాబేలు తిరిగే చోట ఆ కుండీ పెట్టకండి.

అడీనియం: మొదలు ఉబ్బి, గులాబీ రంగు పూలు పూసే ఎడారి గులాబీ. ఆఫ్రికాలో దీని రసాన్ని బాణాల కొనలకు విషంగా పూసేవారు. గన్నేరు కుటుంబానిది, విషం కూడా అలాంటిదే. రాలిన పువ్వు, ఎండిన ఆకు కూడా తాబేలు నోటికి అందకూడదు.

యుఫోర్బియాలన్నీ: బొంతజెముడు, ఆకుజెముడు, పెన్సిళ్లలా నిలువుగా పెరిగే కాడజెముడు, నర్సరీల్లో యుఫోర్బియా పేరుతోనే అమ్మే చిన్న ఎర్ర పూల ముళ్ల మొక్క. కంచెల్లో పెరిగే జిల్లేడు దళసరి మొక్కల లెక్కలోకి రాకపోయినా పాలు కారేదే, విషమే.

కిత్తనార, చాగనార, స్నేక్ ప్లాంట్: వీటిలో నురుగు పుట్టించే సాపోనిన్లుంటాయి. కిత్తనారలో దానికి తోడు సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు కూడా ఉంటాయి. నల్లేరు కోసేటప్పుడు మన చేతులు దురద పెట్టడానికి కారణం కూడా ఆ స్ఫటికాలే. మనం చింతపండు వేసి, వేయించి పచ్చడి చేసుకుంటాం. తాబేలు పచ్చిది తింటుంది కాబట్టి నల్లేరునూ ఈ జాబితాలోనే ఉంచండి.

వేలాడే ముత్యాల తీగ: స్ట్రింగ్ ఆఫ్ పర్ల్స్ పేరుతో బాల్కనీల్లో వేలాడదీస్తారు. కాలేయానికి చేటు చేసే రకం. గోళీల్లాంటి ఆకులు రాలి కింద పడతాయి. దాని కింద తాబేలు తిరిగే ఏర్పాటు ఉండకూడదు.

రంగురంగుల తలలు అతికించిన చిన్న కాక్టస్ కుండీలకు కొన్నిసార్లు కృత్రిమ రంగులు, జిగురుతో అంటించిన పూలు ఉంటాయి. అవి బల్ల మీద అలంకారానికే.

పటాన్‌చెరు నేలను మరచిపోవద్దు

ఈ ప్రాంతంలో ఉండేవాళ్లకు ఇంకో మాట ప్రత్యేకంగా చెప్పాలి. మొక్క మంచిదైనా అది పెరిగిన నేల మంచిది కాకపోవచ్చు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిలో భార లోహాలు పేరుకున్నాయని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లోనే ప్రచురించారు. ఇక్కడ అప్పట్లో దాదాపు 90 మందుల తయారీ కంపెనీల వ్యర్థజలాలు చేరిన ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్టు 2007లో ఒక అధ్యయనం చూపింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. నక్కవాగు వెంబడి ఊళ్ల రైతులు ఈ కష్టాన్ని ఏళ్ల తరబడి అనుభవించారు.

తాబేలు మేతకు దీనితో ఉన్న సంబంధం సూటిగానే ఉంది. అది నేల మీది ఆకును మట్టితో కలిపి తింటుంది. అదే మేతను దశాబ్దాల తరబడి తింటుంది. లోహాలు ఒంట్లోకి కొద్దికొద్దిగా చేరి నిలిచిపోతాయి. అందుకని పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి ఫ్యాక్టరీ గోడల పక్కన, నక్కవాగు గట్టున, లారీలు పొగ కక్కే హైవే అంచున పెరిగిన నాగజెముడు ఎంత నిగనిగలాడినా కోయవద్దు. అక్కడి మట్టను విత్తనంగా తెచ్చుకోవడం కూడా వద్దు.

నర్సరీ మొక్కలకూ జాగ్రత్త కావాలి. పురుగు పట్టకుండా ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు వాడితే అది కడిగితే పోదు, మొక్క రసంలోకే ఎక్కుతుంది. కొన్న వెంటనే మేతకు వాడకండి. ఒక కొమ్మో, మట్టో తుంచి మీ మట్టిలో నాటండి. అది వేరూని, కొత్త మట్ట వేసి, ఆ కొత్త మట్ట అరచేయంత అయ్యాకే దాన్ని కోయండి. ఆలోగా కొన్ని నెలలు పడుతుంది. అంతకాలం గరిక, మందార ఆకులు, మల్బరీ ఆకులు ఉండనే ఉన్నాయి.

నాగజెముడు పెంచడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు. మట్టను కోసి, కోసినచోట తడి ఆరేదాకా వారం పాటు నీడలో ఉంచాలి. అడుగున రంధ్రమున్న కుండీలో మంచి మట్టి, ముతక ఇసుక సమంగా కలిపి, మట్టలో మూడో వంతు పాతాలి. మొదటి వారం పది రోజులు నీళ్లు పోయకూడదు. తర్వాత మట్టి పూర్తిగా ఎండాకే పోయాలి. మట్టి ఎక్కడిదో మీకు తెలిసుండాలి. ఫ్యాక్టరీల పక్క బోరు నీళ్లు కాకుండా ఇంటికొచ్చే తాగునీరు వాడండి. ఇంట్లో నాలుగైదు కుండీలుంటే ఒక తాబేలుకు సరిపడా జెముడు మీ చేతిలోనే ఉంటుంది.

ఎంత, ఎలా పెట్టాలి

సల్కాటా, లెపర్డ్ లాంటి గడ్డి తినే జాతులకు దళసరి మొక్కలన్నీ కలిపి మొత్తం మేతలో పదో వంతు మించకూడదు. వారానికి రెండుసార్లు, తాబేలు తలంత పరిమాణంలో తరిగిన ముక్కలు చాలు. ఎక్కువైతే పేడ పలచబడుతుంది. అలా పలచబడితే వారం పాటు ఆపి, గడ్డి పెంచండి.

కొత్త మొక్కను మొదటిసారి పెట్టేటప్పుడు ఒక్క చిన్న ముక్క, అదీ ఒక్కటే కొత్తది పెట్టండి. తర్వాత నాలుగైదు రోజులు దాని పేడ, చురుకు, ఆకలి గమనించండి. రెండు కొత్త మొక్కలు ఒకేసారి పెడితే తేడా వచ్చినప్పుడు దేనివల్లో తెలియదు. ఒక నోటుపుస్తకంలో తేదీ, మొక్క పేరు, బరువు రాసుకునే అలవాటు చేసుకోండి. వంటింటి తక్కెడ మీద నెలకోసారి తూచడం నిమిషం పని. ఆ పుస్తకమే రేపు డాక్టరుకు అన్నిటికంటే పనికొచ్చే రిపోర్టు.

జెముడులో నీరుందని నీళ్ల పళ్లెం తీసేయకూడదు. లోతు తక్కువ పళ్లెంలో శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ ఉండాలి. ఆయుర్వేద మందుల దుకాణంలో దొరికే సముద్రపు నురుగు ముక్క ఒకటి గూట్లో ఉంచితే కావలసినప్పుడు కొరుక్కుని కాల్షియం తెచ్చుకుంటుంది. ఉదయపు ఎండ నేరుగా తగలాలి, అద్దం కిటికీలోంచి వచ్చే ఎండ సరిపోదు. ఎండ లేకపోతే తిన్న కాల్షియం డిప్పకు చేరదు.

పొరపాటున తింటే

పాల మొక్క కొరికితే నోటి చుట్టూ నురుగు, వాపు, కళ్లు మూసుకోవడం, ముందుకాలితో మూతి రుద్దుకోవడం కనిపిస్తాయి. గుండె మీద పనిచేసే రణపాల, అడీనియం తింటే నీరసం, మెడ వాలిపోవడం, పారుడు కనిపించవచ్చు. కొన్నిసార్లు ఒకటి రెండు రోజులు ఏమీ కనబడకపోవచ్చు కూడా. అందుకే లక్షణాల కోసం ఎదురుచూడకండి.

మిగిలిన మొక్కను వెంటనే తీసేయండి. నోరు, కళ్లు గోరువెచ్చని నీళ్లతో మెల్లగా కడగండి, నీళ్లు గొంతులోకి పోకుండా తల కిందికి వంచి ఉంచండి. పాలు, నూనె, ఉప్పునీళ్లు, పసుపు ఏవీ తాగించకండి. కక్కించడానికి ప్రయత్నించకండి. వెచ్చటి చోట ఉంచి, కొరికిన కొమ్మను సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. తాబేళ్లను చూసే డాక్టర్లు తక్కువ. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రితో మొదలుపెట్టి, సరీసృపాలను చూసే డాక్టరు నంబరును అవసరం రాకముందే ఫోన్‌లో దాచుకోండి.

ఈ వారం చేయాల్సినవి

ఆదివారం ఉదయం ఇంటి చుట్టూ, బాల్కనీ, మేడ మీద ఉన్న దళసరి మొక్కలన్నిటి ఫొటోలు తీయండి. ఒక్కోదాని పక్కన మూడు పరీక్షల ఫలితం రాయండి. ఎప్పుడూ పెట్టకూడని జాబితాలోని కుండీలు తాబేలు తిరిగే నేల మీంచి మేడ మీదికో, పక్కింటివాళ్లకో వెళ్లిపోవాలి. వాటి రాలిన ఆకులు ఊడ్చండి. రెండు కుండీల్లో నాగజెముడు, ఒకదాంట్లో పోర్చులకేరియా, ఒకదాంట్లో టేబుల్ రోజ్ నాటండి. ఇంట్లో పని చేయడానికి వచ్చే అమ్మాయికి, బడి నుంచి వచ్చే పిల్లలకు, చూడ్డానికి వచ్చే చుట్టాలకు ఒకటే చెప్పండి: పెట్టదగిన మేతల జాబితాలో పేరు లేని ఆకును తాబేలుకు పెట్టకూడదు.

తాబేలు తన మేతను తానే ఎంచుకునే అవకాశాన్ని మనం దాన్ని ఇంటికి తెచ్చిన రోజే తీసేసుకున్నాం. అడవిలో అది ఎన్నో మొక్కల మధ్య తిరిగి, రుచి చూసి, కొన్నిటిని తిని, కొన్నిటిని వదిలేసేది. మన గూట్లో మనం వేసిందే దానికి దిక్కు. కాబట్టి ఆ ఎంపిక బాధ్యత పూర్తిగా మనదే. మొక్కను కోసి చూసి, పేరు తెలుసుకుని, నేలను కనుక్కుని పెట్టడానికి పట్టే కాస్త సమయం ఆ బాధ్యతలో భాగం.